ఏదుపందికో కార్డు

మా చల్లగుట్టకు పైనుంచి రెండు దిగుతుంటాయి. ఒకటి వాన, రెండోది ఉత్తర్వు. వాన మానేసిన సంవత్సరాలున్నాయి గానీ ఉత్తర్వు మానేసిన వారం లేదు. వానకు గొడుగుంది. ఉత్తర్వుకు నెత్తి తడవాల్సిందే.

ఆ యేడు కార్తీకంలో కురిసిన ఉత్తర్వు ఇది: వచ్చే ఉగాదికి గుట్ట మీది పురపాలక పార్కులో వసంతోత్సవం జరపాలి. మంత్రిగారు వస్తారు. వారు వచ్చేసరికి పూలు కూడా వచ్చి ఉండాలి.

మంత్రిగారు కార్లో వస్తారు. పూలు భూమిలోంచి రావాలి. అందుకని బెంగళూరు నుంచి బస్తాలకొద్దీ గ్లాడియోలస్ గడ్డలు తెప్పించారు. పేరు పలకడానికి నాలుక గ్లాసు నీళ్లు అడుగుతుంది గానీ, చూడ్డానికి మన ఎర్రగడ్డకు, అదే ఉల్లిగడ్డకు, పట్నంలో చదువుకున్న తమ్ముడిలా ఉంటుంది. నాటితే కత్తిలాంటి ఆకులు, వాటి నడుమ మెట్లు మెట్లుగా పూలు. కమిషనర్ చక్రధరం గారు తొలి గడ్డను స్వహస్తాలతో నాటి, "ఈ గడ్డ మీద ఈ గడ్డ పూసి తీరుతుంది!" అని ప్రకటించారు. ఆ వాక్యాన్ని బ్యానరుగా వేసింది మా ప్రెస్సే కాబట్టి, అందరికన్నా కాస్త గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.

బస్టాండు పక్కన ఉన్న ఆ చిన్న ప్రింటింగు ప్రెస్సు నాదే. పెళ్లికార్డు, పెద్దదినం కార్డు, పురపాలక కరపత్రం, ఏదైనా సరే అచ్చు మాది. తప్పు మాత్రం రాసిచ్చినవాళ్లది. ఆఫీసులో ఏ సమావేశం జరిగినా చివరికి ఏదో ఒకటి అచ్చు వేయించక మానరు గనుక, ముందుగానే పిలిచి నన్నూ ఒక కుర్చీలో కూలేస్తారు. అలా ఈ దుంపనాశనాన్ని మొదటినుంచీ దగ్గరగా చూసే భాగ్యం కలిగింది.

నాటిన కొద్ది రోజులకే పార్కులో మొక్కలకు బదులు గుంతలు మొలిచాయి. ఏదుపందులు! ముళ్లపంది అన్నా అదే. ఒంటి నిండా ముళ్లు, కడుపు నిండా ఆకలి. భూమిలో గడ్డ ఎక్కడుందో మనకు పంచాంగం చూసినా తెలియదు, దానికి ముక్కుతోనే తెలుస్తుంది.

పార్కు గుంతలు సర్కారు గుంతలు, వాటికి ఏడ్చేవాళ్లు లేరు. గుట్ట కింద, పార్కును ఆనుకుని రెడ్డెమ్మ చేను ఉంది. అందులో సుగంధరాజులు వేస్తుంది. పట్నంవాళ్లు లిల్లీ పూలంటారు, దండల్లో తెల్లగా పొడుగ్గా ఉంటాయే, అవి. ఒకసారి గడ్డ నాటితే కొన్నేళ్లు పూస్తూ, పక్కన పిల్లగడ్డల్ని పెడుతూ పోతుంది. రెడ్డెమ్మకూ ఆమె పెనిమిటి గంగులప్పకూ కూడైనా గుడ్డైనా ఆ గడ్డే. మొన్నటి వానలకు పార్కు గోడ కూలింది. ఆ సందులోంచి ఏదుపందులు దిగి, పార్కులో టిఫిను, రెడ్డెమ్మ చేనులో భోజనం చేయడం మొదలెట్టాయి.

సోమవారం అర్జీల రోజు. రెడ్డెమ్మ సగం కొరికిన గడ్డల్ని కొంగులో మూటగట్టుకుని ఆఫీసుకొచ్చి, కంప్యూటరు ముందున్న జయచంద్ర బల్ల మీద దబ్బున కుమ్మరించింది. జయచంద్ర సీనియర్ అసిస్టెంటు. మనిషి మంచివాడు. కంప్యూటరు ఒప్పుకుంటే ఇంకా మంచివాడు.

"సామీ, మీ పార్కు గోడ పడిపొయింది. ఆ సందులోంచి ఏదుపందులు దిగి నా గడ్డలన్నీ తొవ్వుకోని తింటా ఉండాయి. సగం చేను పాయ. మిగిలింది గూడా పోతే మళ్లీ నాటేదానికి నాకాడ ఇత్తనం గడ్డ ఒగటుండదు. ఆ సందుకు రోంత కంచె ఏపీండి. ఇంగేం అడగను."

జయచంద్ర తెర మీద కిందికీ పైకీ వెతికాడు. "కంచె ఇందులో లేదమ్మా."

"యాంట్లో?"

"కంప్యూటర్లో."

"నాకు కంప్యూటర్లో ఏల సామీ కంచె? చేన్లో కావల్ల."

"అట్ల కాదు. సమస్య ఏ రకమో ముందు దీనికి చెప్పాలి. రోడ్లు, నీళ్లు, దీపాలు, కుక్కలు, పింఛను, ఆకలి. ఇంతే ఉండాయి. కుక్కలు అని పెట్టేదా?"

"కుక్క కాదు సామీ, పంది."

"పంది లేదు. సరే, అవి నీ గడ్డలు ఏల తింటా ఉండాయి?"

"ఏలేంది సామీ? ఆకలై!"

"ఆఁ!" అన్నాడు జయచంద్ర, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. "ఆకలి ఉంది!" అని టక్కున నొక్కాడు. వెంటనే కంప్యూటరు ఇంకో ప్రశ్న వేసింది: ఆకలితో ఉన్నవారు ఎవరు? నిజాయితీపరుడు కాబట్టి 'ఏదుపందులు' అని కొట్టాడు. రెడ్డెమ్మకు ఒక చీటీ ఇచ్చి, గడ్డలు బల్లమీదనుంచి తీయమన్నాడు.

రోడ్డు గుంతల మీద అర్జీ పెడితే అది గుంతలోనే పడుకుంటుంది. ఆకలి మీద పెడితే మాత్రం పైనున్న పెద్ద కంప్యూటరు ఎర్రబడుతుందట. ఆ సాయంత్రమే జిల్లా నుంచి కమిషనరుకు ఫోను. "మీ ఊళ్లో ఏదుపందులవారట, ఇంటిపేరు కాబోలు, పస్తులున్నారట. ఏం చర్య తీసుకున్నారు?"

చక్రధరం గారు చర్యకు ముందు సమావేశం తీసుకున్నారు. అటవీ రేంజి ఆఫీసరు బాలగురప్పను పిలిచారు. జయచంద్ర వచ్చాడు. నేనూ కూర్చున్నాను. రెడ్డెమ్మ కంచె సంగతి తేలుతుందని తలుపు దగ్గర నిలబడింది.

"సర్, ఏదుపంది రక్షిత ప్రాణి" అన్నాడు బాలగురప్ప. ఆయన మాట ఏడాదికోసారి కాసే చెట్టు. "కొట్టకూడదు. టపాకాయ పేల్చకూడదు. కుక్కను ఉసిగొల్పకూడదు. మందు పెట్టకూడదు."

"తిట్టొచ్చా సామీ?" అంది తలుపు దగ్గరినుంచి రెడ్డెమ్మ.

బాలగురప్ప కాసేపు ఆలోచించి, "దానికి క్లారిఫికేషన్ అడగాలి" అన్నాడు.

చక్రధరం గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అద్దాలు తీశారంటే దూరదృష్టి మొదలైనట్టు. "మిత్రులారా, ఈ అంశాన్ని మనం సమగ్రంగా, సమన్వయంతో, సానుకూల దృక్పథంతో పరిశీలించాల్సి ఉంది. మూలకారణంలోకి వెళదాం. గడ్డ ఎందుకు పోతోంది? తినడం వల్ల. ఎందుకు తింటున్నారు? ఆకలి వల్ల. మరి కంచె ఆకలిని తీరుస్తుందా?"

"తీర్చదు సర్" అన్నాడు జయచంద్ర.

"ఆకలిగొన్నవారి ముఖం మీద తలుపు వేయడమే కంచె. మన విధానం వేటు కాదు, చేయూత. వారికి ప్రత్యామ్నాయ ఆహారం అందిస్తే వారే గడ్డల జోలికి రావడం మానేస్తారు."

ఆ క్షణం నుంచి మా ఊళ్లో ఏదుపందులు 'వారు' అయ్యాయి. రెడ్డెమ్మ మాత్రం 'నువ్వు'గానే మిగిలింది.

"సామీ, వాళ్లు తినేదానికి మీరు ఏమన్నా పెట్టుకోండి. ఆ సందు మాత్రం మూసీండి" అంది రెడ్డెమ్మ. అప్పుడే ఆమె నోటికీ బహువచనం అంటుకుంది.

"అమ్మా, నువ్వు సమస్యను నీ కోణం నుంచే చూస్తున్నావు" అన్నారు కమిషనరు జాలిగా. "ఒక్కసారి వారి కోణం నుంచి చూడు."

"వాళ్ల కోణం నుంచి చూస్తే నా చేను విస్తరాకు మాదిరి కనపడతాది సామీ."

ఇలా 'ఏదుపందుల ఆకలి నివారణ, ఆత్మగౌరవ పథకం' పుట్టింది. పూలగడ్డను కాపాడటానికి గెణుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, పంచాలని తీర్మానం. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలి, గడ్డను గడ్డతోనే గట్టెక్కించాలి. జయచంద్రను పథకానికి ప్రత్యేకాధికారిని చేశారు. నాకు కార్డుల ఆర్డరు వచ్చింది.

పథకం అన్నాక లబ్ధిదారు ఉండాలి, లబ్ధిదారు అన్నాక కార్డు ఉండాలి, కార్డన్నాక ఫోటో ఉండాలి. చిరునామా ఉండాలి. వేలిముద్ర ఉండాలి. గుట్ట మీది బొరియలన్నింటికీ రంగుతో డోరు నంబర్లు వేశారు. ఒక బొరియకు రెండు నోళ్లుంటే ఒకటి వీధి గుమ్మం, ఒకటి పెరటి గుమ్మం అని రాసుకున్నారు. ఫోటోల పని బాలగురప్పకూ జయచంద్రకూ అప్పగించారు.

"ఏదు ఏది?" అన్నాడు జయచంద్ర, పొదల్లోకి తొంగి చూస్తూ.

"అదుగో ఏదు."

"ఏదీ?"

"ఏదా? అదే!"

వీళ్లు ఏదేదని వెతుకుతుంటే ఏదు ఎటో పోయింది. ఏదో ఒకటి దొరికినా కెమెరా చూడగానే అది వెనక్కి తిరిగి ముళ్లు లేపి నిలబడింది. అందుకని కార్డులన్నిటి మీదా వెనకవైపు ఫోటోలే పడ్డాయి. మన కార్డుల్లో మన ముఖాలు చూసుకున్నాక, వాటికే న్యాయం జరిగిందనిపించింది. వేలిముద్ర కోసం బొరియ ముందు తడిమన్ను పరిచి అడుగుజాడలు తీశారు. తండ్రి పేరు దగ్గర జయచంద్ర చాలాసేపు తల గోక్కుని, అన్నింటికీ 'పెద్ద ఏదు' అని నింపాడు. కులం దగ్గర 'వరాహేతర' అని రాసింది కమిషనరు గారే. బాలగురప్ప ఏదుపంది అసలు పంది కాదనీ, ఎలుకల వంశమనీ చెప్పాడట.

కార్డులు అచ్చయ్యాయి. లామినేషన్ అయింది. బొరియల ముందు మేకులు కొట్టి వేలాడదీశారు. తెల్లారేసరికి ఏదుపందులు లామినేషన్ ఊడదీసి అట్ట మాత్రం తినేశాయి. పథకం వల్ల ఏదుపందులకు స్వయంగా అందిన తొలి లబ్ధి అదే. చివరిది కూడా అదేనని అప్పుడు మాకెవరికీ తెలియదు.

కాదు, ఆ తర్వాత ఒక విందు జరిగింది. ప్రారంభోత్సవం నాడు కూలిన గోడ దగ్గర గెణుసుగడ్డలు గుట్టగా పోసి, రిబ్బను కత్తిరించి, ఫోటోలు దిగి అందరం ఇళ్లకెళ్లాం. కమిషనరు గారు ఆ గుట్టలోంచి ఒక గడ్డను చేతిలో పట్టుకుని శూన్యానికి అందిస్తున్న ఫోటో మరునాడు పత్రికల్లో వచ్చింది. ఆ రాత్రే గెణుసుగడ్డల వాసనకు చుట్టుపక్కల ఏడు గుట్టల ఏదుపందులు దిగొచ్చాయి. గెణుసుగడ్డలు అయిపోయాక చేతులు కడుక్కోవడానికన్నట్టు నేరుగా రెడ్డెమ్మ చేనులోకి నడిచాయి.

రెడ్డెమ్మ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. "ఏం పథకం సామీ ఇది! ముందు ఒగటో రెండో వొచ్చేటివి. ఇప్పుడు అల్లుళ్లనూ వియ్యంకుళ్లనూ పిల్చుకోని వొస్తాండాయి. మీరు పెట్టింది వాటికి పాయసం, నాది అన్నం!"

"అంటే స్పందన బాగుందన్నమాట" అన్నారు చక్రధరం గారు, తెరిపిన పడ్డ ముఖంతో. "జయచంద్రా, నమోదు చేయండి. లబ్ధిదారుల సంఖ్యలో గణనీయమైన పెరుగుదల."

ఇక్కడినుంచి కథ గుట్ట దిగి ఊళ్లోకొచ్చింది.

మొదట పందికొక్కుల తరఫున ఒక వాదన లేచింది. అవి కూడా గడ్డలు తింటాయి కదా, వాటికెందుకు ఇవ్వరని ఒక సంఘం నాయకుడు ధర్నా చేశాడు. ఊళ్లో పందికొక్కులకు ఇదివరకే చాలా పథకాలు అందుతున్నాయని ఎవరో గొణిగారు గానీ, ఏ రకం పందికొక్కులో వివరంగా చెప్పే ధైర్యం చేయలేదు. తర్వాత పక్క రాష్ట్రం ఏదుపందులు సరిహద్దు దాటి వచ్చి మన గెణుసుగడ్డలు తింటున్నాయని గొడవ. స్థానికత నిరూపించుకోవాలన్నారు. ముళ్లు చూసి ఏ రాష్ట్రమో చెప్పగలరా అని బాలగురప్పను అడిగితే, "గుచ్చుకున్నాక ఏ రాష్ట్రమైనా ఒకటే" అన్నాడు. ఏడాది కోటా మాటలు ఆయన అప్పటికే దాటేశాడు.

అసలు మలుపు కౌన్సిల్ సమావేశంలో వచ్చింది. బస్టాండు వార్డు కౌన్సిలరు లేచి బల్ల గుద్దాడు. "గుట్ట వార్డులో ఇన్ని ఏదుపందులుంటే, మా వార్డులో ఒక్కటీ లేదంటారా? ఇది మా ప్రజలను అవమానించడం కాదా?"

"మీ వార్డులో బొరియలు లేవండి" అన్నాడు జయచంద్ర.

"బొరియలు లేనంత మాత్రాన ఏదుపందులు లేవంటే ఎట్ల? మా వాళ్లు ఇల్లు లేని ఏదుపందులు!"

వాదన బలంగా ఉంది. వార్డుకింతని కోటా కట్టారు. కోటా నింపడానికి పేర్లు కావాలి, పేరుండేది మనుషులకే. సంక్రాంతి దాటేసరికి మా ఊళ్లో ఓటర్ల జాబితాకూ ఏదుపందుల జాబితాకూ తేడా కనిపెట్టడం కష్టమైంది. కార్డుల అచ్చుకు నా మిషను ఆగకుండా తిరిగింది. ఒక పొద్దు ఇంటికొస్తే మా ఆవిడ ఉడికించిన గెణుసుగడ్డలు పళ్లెంలో పెట్టి ముఖం మాడ్చుకుని కూర్చుంది.

"ఇవెక్కడివి?"

"ఎదురింటామె ఇచ్చింది. వాళ్లింట్లో ముగ్గురూ ఏదుపందులైనారు. వాళ్ల ఆడబిడ్డ గూడా అయిందంట. అచ్చేసే కార్డులన్నీ నీ చేతి మీదనే పోతాండాయి, మనమే ఉండాము వీధిలో మనుషులుగా!"

అన్నట్టు, ఈ గెణుసుగడ్డల రద్దీ మీద కూడా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అనర్హులను ఏరేయాలని. మంచి ఉత్తర్వే. ఇకనుంచి ఎవరి తరఫునా ఎవరూ తీసుకోరాదు. లబ్ధిదారు స్వయంగా, కార్యాలయపు వేళల్లో, కార్డుతో వచ్చి, వేలిముద్ర వేసి తీసుకోవాలి. ఏదుపంది పగలు నిద్రపోయి చీకటి పడ్డాక లేస్తుంది. కార్యాలయం చీకటి పడకముందే మూసేసి ఇంటికి పోతుంది. గుట్ట మీది అసలు ఏదుపందులన్నీ గైర్హాజరయ్యాయి. వాటి పేర్లు అనర్హుల కింద కొట్టేశారు. వార్డు ఏదుపందులు మాత్రం టంచనుగా సంచులతో వచ్చాయి. బొటనవేలు కూడా సరిగ్గా పడింది.

అప్పటికి పార్కులో గ్లాడియోలస్ గడ్డ ఒక్కటీ లేదు. రిబ్బను నాటి విందు మరిగి ఏడు గుట్టల నుంచి వచ్చినవి వెనక్కి పోలేదు. రెడ్డెమ్మ, గంగులప్ప ఇద్దరూ ముళ్లకంపలు కొట్టుకొచ్చి చేను చుట్టూ వేసి, మిగిలిన గడ్డల్ని ఎలాగో కాచుకుంటున్నారు. అప్పుడు వాళ్లకు ఒక నోటీసు వచ్చింది.

రెడ్డెమ్మ దాన్ని పట్టుకుని నేరుగా నా ప్రెస్సుకొచ్చింది. "అన్నా, ఇది అచ్చేసింది నువ్వేనంట. అచ్చేసినోడివి నువ్వే సదువు."

చదివాను. మీ చేను చుట్టూ అనుమతి లేకుండా వేసిన ముళ్లకంప పథకం లబ్ధిదారుల రాకపోకలకు ఆటంకంగా, వారి ఆత్మగౌరవానికి భంగకరంగా, వారి శరీరానికి హానికరంగా ఉన్నట్టు గమనించడమైనది. తక్షణం తొలగించాలి. లేని పక్షంలో మేమే తొలగించి...

"ముల్లు గుచ్చుకుంటాదంటనా?" అంది రెడ్డెమ్మ. "ఒళ్లంతా ముళ్లు పెట్టుకోని తిరిగేదానికి?"

నవ్వబోయి, ఆమె ముఖం చూసి నోటీసు తిరిగిచ్చాను. బల్ల మీద కూర్చుని నోటీసును నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది.

"కంప తీస్తే ఒగ వారం అన్నా. అంతే. చేను నున్నగా అయిపోతాది. ఆయప్ప కూలికి పోతానంటాడు, ఈ వయసులో. మా అత్త పెట్టిన గడ్డలు అవి. ఆ గడ్డలకు పుట్టిన గడ్డలే ఇయ్యి." కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "పద, ఆపీసుకు పోదాం. ఆ జయచంద్రయ్యను నాలుగు అడిగొస్తా. నువ్వు పక్కనుంటే రోంత మర్యాదగా అడుగుతా."

పథకం కార్యాలయాన్ని అప్పటికి ఊరి చివర విడిగా పెట్టారు. వార్డు ఏదుపందుల తోపులాట ఎక్కువై, చుట్టూ ఎత్తు ప్రహరీ కట్టారు. గోడ మీద ఇనుప వల. గోడలోంచి భూమిలోకి రాతి పునాది. ఇనుప గేటుకు కావలి మనిషి. గేటు మీద మా ప్రెస్సు బోర్డే: 'లబ్ధిదారులకు కార్డు, వేలిముద్ర లేనిదే ప్రవేశం లేదు'. లోపల ఖాళీ జాగా, బోరు పంపు. రెడ్డెమ్మ గేటు దగ్గర ఆగింది. వల పట్టుకుని గుంజింది. పునాదిని కాలితో తన్ని చూసింది. జయచంద్రను నాలుగు అడగడానికి వచ్చిన మనిషి, లోపలికి పోయి చేతులు కట్టుకుని నిలబడింది. నాకు భయమేసింది.

"సామీ, నోటీసు అందింది. తప్పయిపొయింది. కంప తీసేస్తాం. నా గడ్డలు ఏదుపందులకు చెందల్లనే గదా మీ మాట?"

"చెందాలని కాదమ్మా, అడ్డు ఉండకూడదని..." జయచంద్ర నసిగాడు.

"ఎట్లన్నా కానీండి. పాపం అవి గుట్ట దిగి నా చేనుదాకా వొచ్చేది ఏల? మిగిలిన గడ్డలన్నీ మీకే తెచ్చిస్తా. మీ చేతుల మీదనే పంచండి."

జయచంద్ర కుర్చీలోంచి లేచాడు. "విరాళమా?"

"విరాళమే అనుకోండి. కానీ సామీ, ఒగ మాట. అసలు ఏదుపందులకే ఇయ్యల్ల. సంచి పట్టుకోని వొచ్చే ఏదుపందులకు కాదు."

"ఛ, ఛ! అసలు ఏదుపంది పగటిపూట స్వయంగా వచ్చి, కార్డు చూపించి, వేలిముద్ర వేస్తేనే ఇస్తాం. రూలంటే రూలే."

"ఆ మాట రాసీండి సామీ."

రాసిచ్చాడు. సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. 'ప్రజా భాగస్వామ్యంలో నూతన అధ్యాయం' అని బ్యానరు వేయమని నాకు చెప్పాడు. మరునాడే రెడ్డెమ్మా గంగులప్పా మట్టిపెళ్లలు చెదరకుండా గడ్డల కుదుళ్లను బండికెత్తి తెచ్చారు.

"గోనెల్లో పెడితే కుళ్లిపోతాయి సామీ. లబ్ధిదారులు వొచ్చేవరకు మట్టిలో పెట్టి, నీళ్లు పోస్తా ఉండల్ల."

"సర్కారు సరుకు కుళ్లితే నా ఉద్యోగం కుళ్లుతుంది. నాటండి, నాటండి!"

"మరి పూస్తే?"

జయచంద్ర పథకం మార్గదర్శకాలు తిరగేశాడు. అందులో గడ్డ ఉంది, పువ్వు లేదు. లేనిది వ్యర్థం. వ్యర్థాన్ని ఏరోజుకారోజు ప్రాంగణం నుంచి తొలగించాలి. తొలగించే బాధ్యత దాతకే అప్పగించాడు. రెడ్డెమ్మ తలవంచుకుని ఒప్పుకుంది. అలా తలవంచుకున్నప్పుడు ఆమె ముఖం నాకు మాత్రమే కనబడింది. బ్యానరు మీద ఆ ముఖం వేయాల్సింది.

ఇక చూడండి. గుట్ట మీద ఏదుపందులు ఆకలితో తిరిగాయి. రెడ్డెమ్మ ఖాళీ చేను చుట్టూ కంపలేదు, లోపల గడ్డలేదు. కార్యాలయం లోపల గడ్డలు మట్టిలో హాయిగా కూర్చున్నాయి. జయచంద్ర రోజూ గేటు దగ్గర నిలబడి అసలు ఏదుపందుల కోసం ఎదురుచూసి, ఎవరూ రాలేదని పైకి రాశాడు. మాఘం వెళ్లేసరికి తెల్లటి కాడలు లేచాయి. రెడ్డెమ్మ తెల్లవారుతూనే వచ్చి వ్యర్థాలను తొలగించి, బుట్టకెత్తి, పూల మార్కెట్టులో పారబోసి వచ్చేది. ఆ వ్యర్థాలతోనే మా ఊళ్లో పెళ్లిళ్లు జరిగాయి.

ఉగాది దగ్గరపడింది. చక్రధరం గారు గుట్టెక్కి పార్కు చూశారు. గుంతలు చూశారు. 'ఈ గడ్డ మీద ఈ గడ్డ' బ్యానరు ఒక గుంత మీద వాలి ఉండటం కూడా చూశారు. కళ్లద్దాలు తీయలేదు; దగ్గరదే కనబడుతోంది. మంత్రిగారు రావడానికి ఇక రెండు రోజులే.

"సర్, మన ఆఫీసు కాంపౌండులో పూలున్నాయి" అన్నాడు జయచంద్ర. "అంటే, వ్యర్థాలున్నాయి."

వసంతోత్సవం గుట్ట మీదనుంచి పథకం కార్యాలయానికి మారింది. సాయంకాలం మంత్రిగారు కారు దిగగానే సుగంధరాజుల వాసన గేటు దాకా ఎదురొచ్చి స్వాగతం పలికింది. అన్నీ తెల్లగా, నిటారుగా, ఎవరూ కొరకకుండా. రెడ్డెమ్మే కట్టిన దండ ఆయన మెడలో పడింది. చక్రధరం గారు మైకు అందుకున్నారు.

"ఆకలి తీర్చితే పువ్వు పూస్తుందని నిరూపించాం సర్! కంచె లేని వసంతం మన లక్ష్యం. ఈ ప్రాంగణంలో ఇంతవరకు ఒక్క గడ్డను కూడా ఏ ఏదుపందీ ముట్టలేదు."

చప్పట్లు. వార్డు ఏదుపందులు అందరికన్నా గట్టిగా కొట్టాయి. మంత్రిగారు దండ వాసన చూసి, దాత ఎవరని అడిగారు. రెడ్డెమ్మను ముందుకు తోశారు.

"ఏం కావాలమ్మా నీకు? మొహమాటపడకుండా అడుగు."

కమిషనరు గారు ముందే అందుకున్నారు. "ఈమె గతంలో తన చేను దగ్గర కంచె కోసం అర్జీ పెట్టుకుంది సర్. సానుకూలంగా పరిశీలనలో ఉంది."

"ఇంగ కంచె వొద్దు సామీ" అంది రెడ్డెమ్మ, మైకు అవసరం లేని గొంతుతో. "కంచె అయితే ఎప్పుడో ఒగప్పుడు ఏదుపంది తొవ్వుకోని దూరతాది. ఈ ఆపీసునే తీసకపొయ్యి నా చేను చుట్టూ కట్టీండి. దీని గడప దాటి ఇంతవరకు ఒగ ఏదుపందీ లోపలికి రాల్యా. వాటికని తెచ్చిన గడ్డ ఒగటి గూడా వాటి నోటికి పోల్యా. దీనికన్నా గట్టి కంచె ఈ భూమ్మీద ఉండాదా సామీ?"

జనం గొల్లుమన్నారు. బాలగురప్ప నవ్వడం నేను అప్పుడే చూశాను. జయచంద్ర కూడా నవ్వి, తర్వాత అర్థమై ఆపేశాడు. చక్రధరం గారు చేతిలో మైకును ఎక్కడ దాచాలో తెలియక అటూఇటూ చూశారు.

మంత్రిగారు మాత్రం నవ్వలేదు. మెడలో దండ సర్దుకుని, వెనకున్న పి.ఏ. వైపు తిరిగి, ఉత్తర్వు వేసే గొంతుతో "రాసుకో" అన్నారు.